కామెర్ల అఫిడవిట్

మా కోర్టులో కామెర్లు రాని కక్షిదారు లేడు. వాయిదాకి రాలేదా, కామెర్లు. గడువు దాటాక పిటిషను వేస్తున్నాడా, కామెర్లు. గుండెనొప్పి అని రాస్తే ఆసుపత్రి కాగితం అడుగుతారు. కాలు విరిగిందంటే ఎక్స్‌రే చూపించమంటారు. కామెర్లకైతే పసరు మందు మింగి, పథ్యం చేసి, మూడు నెలలు మంచం దిగలేదని రాసుకోవచ్చు. ఏ కాగితమూ అక్కర్లేదు. నల్లకోటు వేసుకున్న మొదటి వారంలోనే నా సీనియరు నాచేత ఆ వాక్యం రాయించాడు: "పిటిషనరు తీవ్రమైన పచ్చకామెర్ల వ్యాధితో బాధపడుచూ, నాటు వైద్యము చేయించుకొనుచూ, మంచమునకే పరిమితమై ఉన్నందున..." జడ్జీలకూ సంగతి తెలుసు. కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూసి సంతకం పెట్టేస్తారు. అది అబద్ధమని మాలో ఎవరమూ అనుకోలేదు. పిటిషను మీద స్టాంపు అంటించడం ఎలాగో అదీ అలాగే.

ఆ వాక్యంతో నేను ఒక మనిషి ఇల్లు పోగొట్టాను. కనపడ్డవాళ్ళంతా ఎన్నికల్లో ఓడిపోయానని నన్ను పరామర్శిస్తున్నారు. ఓడిపోయినందుకు నాకు పెద్ద దిగులేం లేదు. ఏడుపంతా ఆ ఇంటి గురించే. ఆ మాట ఎవరితోనూ అనలేక ఇలా రాస్తున్నాను.

మాది ఎలమంచిలి దగ్గర పల్లె. చెరకు, వరి పండించే ఇల్లు. నేను లా చదివి, కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఒక టిఫిన్ కొట్టు మీది గదిలో బోర్డు పెట్టాను. కింద పెనం ఎక్కితే పైన నా ఫైళ్ళన్నీ దోసెల వాసన కొట్టేవి. గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి స్టీలు ప్లాంటులో, పోర్టులో స్థిరపడ్డవాళ్ళకి వాళ్ళ లాయర్లు వాళ్ళకుండేవారు. మా వైపు పల్లెల నుంచి వచ్చి షెడ్లలో, లారీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు నా మెట్లెక్కేవారు. ఇంగ్లీషు రాకపోయినా ఇక్కడ పరువు పోదని వాళ్ళ ధీమా.

మొట్టమొదట ఎక్కినవాడు ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసే ఒక మనిషి. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. మా అమ్మ పుట్టింటి ఊరివాడని తెలిసి మావా అన్నాను. ఆయన మాత్రం నన్ను మొదటి నుంచి చివరిదాకా బాబూ అనే పిలిచాడు. చొక్కా మీద నూనె మరకలు, చంకలో గుడ్డసంచి. సంచిలో ఇంటి కాగితాలు. జంక్షన్ వెనక కాలనీలో ఆయనకి రెండు గదుల ఇల్లుంది. ఇరవై ఏళ్ళు ఇనుము తిప్పి కట్టుకున్న ఇల్లు. ఆ స్థలం నాదంటూ ఒక బ్రోకరు దొంగ రిజిస్ట్రేషను చేయించుకుని, ఖాళీ చెయ్యమని మీదికొచ్చాడు.

"ఆడి కాగితం కొత్తగా, బాగా మెరుస్తంది బాబూ. నాది సెదలు పట్టీసింది. కాగితం బాగున్నోడిదేనేటి ఇల్లు?" అన్నాడు.

దావా వేశాను. తీర్పు వచ్చేదాకా ఆ ఇంటి జోలికి ఎవరూ వెళ్ళకూడదని కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చాను. దావా బతికున్నన్నాళ్ళూ ఆ ఉత్తర్వు ఉంటుంది, ఉత్తర్వు ఉన్నన్నాళ్ళూ ఇల్లు ఉంటుంది. మావకి అంతవరకే చెప్పాను. ఆయనకీ అంతవరకే కావాలి.

మొదటి వాయిదా రోజు బంట్రోతు ఆయన పేరు పిలిచాడు. నేను లేచి నిలబడేలోపే మావ చేతులు జోడించి, బ్రోకరు పుట్టుపూర్వోత్తరాలన్నీ ఎత్తుకున్నాడు. జడ్జిగారు విసుక్కున్నారు. ఎదుటి పక్షంవాళ్ళు నవ్వారు. బయటికి తీసుకొచ్చి వరండాలో గట్టిగా కేకలేశాను.

"సూడు మావా. నాను కోర్టులో కనపడ్డానా, నువ్వు నోరు తెరవకు. జడ్జిగారు అడిగినా ముందు నా వైపు సూడు. నాను కనపడకపోతే మాత్రం, పేరు పిలవగానే సెయ్యెత్తి 'మా ప్లీడరుగారు వస్తన్నారండీ' అను. అంతే. ఇంకో ముక్క ఒద్దు."

"అలాగే బాబూ" అన్నాడు. అలాగే చేశాడు కూడా. నేను పక్క కోర్టులో ఇరుక్కున్నప్పుడల్లా చెయ్యెత్తి ఆ ఒక్క ముక్క అనేవాడు. కోర్టువాళ్ళు మా కేసు కట్ట పక్కన పెట్టి తరవాత పిలిచేవారు. నా దగ్గరున్న జూనియరుకంటే మావే నయమని మా ఆవిడతో అనేవాణ్ణి. జూనియరంటే వేరెవరో కాదు, ఆవిడ తమ్ముడే.

రాజకీయాల్లోకి ఎలా వచ్చానని ఇంటర్వ్యూల్లో అడిగేవారు. ప్రజల కోరిక మేరకు అని చెప్పేవాణ్ణి. అసలు సంగతి, కోర్టు గెలుపు ఒకేసారి ఒక్కడికే పనికొస్తుంది, అది నాకు చాల్లేదు. తోపుడు బళ్ళ వాళ్ళ కేసు ఒకటి గెలిచిన రోజు జంక్షన్‌లో నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. పైనుంచి చూస్తే తలలన్నీ నా కిందే ఉన్నాయి. ఆ పూట ఇంటికొచ్చాక కూడా ఒళ్ళు కిందికి దిగలేదు. పార్టీవాళ్ళు టికెట్టిస్తామని వచ్చినప్పుడు రెండు రోజులు ఆలోచిస్తానని గొప్పకి అన్నానే గానీ, ఆ రెండు రోజులూ ఫోను చేత్తో పట్టుకునే కూర్చున్నాను.

ప్రచారానికి ముందు పార్టీ పెద్దాయన ఒకాయన నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. ఆయనది కృష్ణా వైపు, మాట నిదానం. "చూడు నాయనా, నువ్వు లాయరువి, మనిషిని చూసి ఆలోచించి మాట్లాడతావు. ఇక్కడ అలా కుదరదు. కనపడ్డ ప్రతివాడికీ చెయ్యి ఊపు. ఎవరో తెలియకపోయినా ఊపు. గుంపులో ఒక మొహం మీద చూపు నిలిపి ఊపావనుకో, ఆ చుట్టుపక్కల పది మందీ తమకే ఊపావనుకుంటారు." నేర్చుకున్నాను. నెల తిరిగేసరికి కారు ఎక్కితే చాలు, చెయ్యి దానంతటదే లేచేది. ఒకసారి కారులో కునికిపాట్లు పడుతూ కూడా ఊపానని బావమరిది నవ్వాడు.

మావ పని మానుకుని నాకోసం తిరిగాడు. ప్రతి సభలోనూ ఆయన్ని వేదిక మీదికి పిలిచి, భుజం మీద చెయ్యేసి, "ఈయన ఇంటి కేసు నాది. ఎమ్మెల్యేనైనా మంత్రినైనా ఈ కేసు వదలను, ఈ నల్లకోటు విప్పను" అనేవాణ్ణి. చప్పట్లు మోగేవి. మావ సిగ్గుపడి, మైకు వైపు కాకుండా నా వైపు చూసేవాడు.

గెలిచాను. గెలిచాక నా కేసులన్నీ పంచాల్సి వచ్చింది. లాయరు మారాలంటే పాత లాయరు 'అభ్యంతరం లేదు' అని వకాల్తా మీద సంతకం చెయ్యాలి. ఒక్క రోజు కూర్చుని కట్టలన్నిటి మీదా సంతకాలు చేసి వేరే లాయర్లకి తలా కొన్ని ఇచ్చేశాను. మావ కట్ట దగ్గర ఆగాను. ఒక మంచి లాయరు పేరు చెప్పి, అతని దగ్గరికి వెళ్ళమన్నాను.

"ఇంకొకరి సేతిలో ఎట్టను బాబూ. మీరు ఒగ్గనని మైకులో సెప్పినారు కదేటి" అన్నాడు.

ఆ మాట మీద నాకు కళ్ళు చెమర్చాయి. ఇప్పుడు తలుచుకుంటే చెంప వాయించుకోవాలనిపిస్తుంది. ఆ కట్ట ఉంచుకున్నది ఆయన మీద ప్రేమతోనా, మళ్ళీ ఎన్నికల్లో మైకులో చెప్పుకోవడానికా అంటే, రెండోదే ఎక్కువని ఒప్పుకోవాలి. కట్ట ఇంట్లో బీరువాలోకి వెళ్ళింది. వాయిదాలు రాసుకునే కోర్టు డైరీ దాని మీదే ఉంది. బావమరిది కోర్టు మానేసి నా పీఏ అయ్యాడు. అతని చేతిలో ఇంకో డైరీ ఉండేది, ప్రోగ్రాముల డైరీ. "బావా, ఈయాల రెండు గృహప్రవేశాలు, ఓ పెద్దకర్మ, ఓ బోరింగు" అని పొద్దున్నే చదివేవాడు. మొదటి ఏడాది అతనే గుర్తుపెట్టుకుని కోర్టుకి పరుగెత్తి వాయిదాలు అడిగొచ్చేవాడు. తరవాత తరవాత అతనికీ తీరిక లేకపోయింది. నేనూ అడగలేదు.

మావ నెలకోసారి మా ఇంటి ముందు జనంలో వచ్చి కూర్చునేవాడు. ఆయన వంతు వచ్చేసరికి నేను కౌగిలించుకునేవాణ్ణి, పక్కన ఫోన్లు క్లిక్కుమనేవి.

"వాయిదా ఉన్నాది బాబూ, మీరొస్తే..."

"నేను చూసుకుంటాను మావా" అనేవాణ్ణి. అప్పటికి నా నోట్లోంచి 'నాను' పోయి 'నేను' వచ్చేసింది.

నాలుగో ఏడు దాటాక, ఒక రోజు ఉదయం మావ ఫోను చేశాడు. ఎన్నడూ నా సొంత నంబరుకి చేసినవాడు కాదు. వెనక జేసీబీ చప్పుడు, ఆడవాళ్ళ అరుపులు. "బాబూ, ఇల్లు కొట్టేత్తన్నారు" అన్నాడు. నేను వెంటనే పోలీసు స్టేషనుకి ఫోను చేసి, కోర్టు ఉత్తర్వు ఉండగా ఎవడికిరా అంత ధైర్యం అని ఎగిరాను. అవతలి మనిషి నా ఎగురుడంతా అయ్యేదాకా ఊరుకుని, మెల్లిగా అన్నాడు.

"సార్, ఆళ్ళు కోర్టు కాగితం సూపిస్తన్నారు సార్. ఆ దావా కొట్టేసి అయిదు నెలలైందంట. మీకు తెల్దేటి సార్?"

ఎమ్మెల్యేని కాబట్టి ఆ రోజుకి జేసీబీని వెనక్కి పంపించగలిగాను. ముందు గోడ అప్పటికే పోయింది. మధ్యాహ్నానికి బావమరిది కోర్టు నుంచి దావా కొట్టేసిన ఉత్తర్వు నకలు తెచ్చాడు. నాలుగు ముక్కలు. పిలిచినారు, వాది గైరుహాజరు, వాది న్యాయవాది గైరుహాజరు, దావా కొట్టివేయడమైనది. కింద తేదీ. ఆ తేదీ ఎక్కడో చూసినట్టనిపించి ప్రోగ్రాముల డైరీ తీయించాను. ఆ రోజు పదకొండు గంటలకి లాయర్లందరూ కలిసి నాకు సన్మానం చేశారు. చేసిన చోటు కోర్టు ఆవరణ. మా దావా పిలిచిన హాలుకీ, నేను శాలువా కప్పించుకున్న షామియానాకీ మధ్య ఒక వరండా, నాలుగు మెట్లు. డప్పుల మోత ఆ హాల్లోకి వినపడే ఉంటుంది.

దావా తిరిగి తెరవమని పిటిషను వెయ్యాలి. నెల రోజుల్లో వెయ్యాల్సింది, గడువు దాటి నాలుగు నెలలైంది కాబట్టి, ఆ ఆలస్యానికి కారణం చెప్తూ అఫిడవిట్ కూడా ఇవ్వాలి. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. ఉన్నదున్నట్టు రాస్తే ఇలా ఉంటుంది: ఈ వాది న్యాయవాది శాసనసభ్యుడైనందున, దావా పిలిచిన సమయంలో అదే ఆవరణలో సన్మానం చేయించుకొనుచున్నందున, వాయిదా సంగతి ఆయనకు గుర్తు లేనందున. మనసులో ఒకసారి అనుకుని చూశాను. కలం మూత పెట్టేశాను.

"నిజం రాస్తే తెల్లారి పేపర్లోనే ఉంటాం బావా. నలుగురి నోళ్ళలో నానిపోతావ్" అన్నాడు బావమరిది. అతను చెప్పకపోయినా నేను రాసేవాణ్ణి కాదు.

వకీలు తప్పుకి కక్షిదారుని శిక్షించకూడదని పై కోర్టులు ఎన్నిసార్లు చెప్పాయో నాకు తెలుసు. ఆ మాట మీదే నేను వేరేవాళ్ళ కేసులు బోలెడు తిరిగి తెరిపించాను. ఆ రోజు నా తప్పు నేను ఒప్పుకుని ఉంటే ఆ దావా బతికేది. జడ్జి నన్ను నాలుగు మాటలని ఉండేవాడు, పేపరు పది మాటలని ఉండేది, ఇల్లు మాత్రం ఉండేది. ఇది ఇప్పుడు తెలిసిన విషయం కాదు. కలం పట్టుకున్నప్పుడే తెలుసు. తెలిసే, సీనియరు నేర్పిన వాక్యం రాశాను.

మావని పిలిపించి చదివి వినిపించాను.

"నాకు కామెర్లెప్పుడొచ్చినాయి బాబూ?" అన్నాడు ఆశ్చర్యంగా.

"రాలేదు మావా. అలా రాస్తారంతే. అందరూ అదే రాస్తారు."

"మరి ఆ రోజు నాను కోర్టుకి వచ్చినాను కదేటి. మిషను ఆపీసి మరీ వచ్చినాను. అక్కడే..."

"ఆ ముక్క ఎక్కడా అనకు" అని కసిరాను. ఎందుకు వచ్చాడో, వచ్చినవాడు పేరు పిలిస్తే ఎందుకు పలకలేదో అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు. నాకప్పుడు ఆయన సంతకం కావాలి. మావ కాగితం వైపు కాసేపు చూశాడు. చేతులు లుంగీకి తుడుచుకుని, నేను వేలు పెట్టి చూపించిన చోట, కూడబలుక్కుంటూ తన పేరు రాశాడు. నూనె వేలి ముద్ర ఒకటి పక్కన పడింది.

విచారణ రోజు నేనే వెళ్ళాను. నాలుగున్నరేళ్ళ తరవాత వేసుకున్న కోటు బొత్తాలు పట్టలేదు. నన్ను చూసి హాల్లో అందరూ లేచారు. ఎదుటి పక్షానికి ఒక చిన్న వయసు లాయరమ్మాయి వచ్చింది. సారంటే మాకందరికీ ఎంతో గౌరవమండీ అని మొదలుపెట్టి, ఒక ఫొటో జడ్జిగారికి అందించి, దాని నకలు నా చేతిలో పెట్టింది. అది సోషల్ మీడియాలో నా పేజీలోదే. మా వాళ్ళు పెట్టిందే, తేదీతో సహా. శాలువా, దండలు, నేను. వెనక నిలబడ్డ జనంలో, ఒక చంకలో గుడ్డసంచి ఇరికించుకుని, రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొడుతున్నాడు మావ. మొహం వెలిగిపోతోంది. కామెర్ల మనిషి మొహం కాదది.

"ఇది మీరేనా?" అని జడ్జిగారు అడిగారు.

మావ నా వైపు చూశాడు. పలకలేదు.

"మిమ్మల్నే. ఈ ఫొటోలో ఉన్నది మీరేనా?"

మళ్ళీ నా వైపే చూశాడు. హాలంతా ఆయన వంకే చూస్తోంది. నేను ఉండగా నోరు తెరవకూడదు. ఎప్పుడో వరండాలో వేసిన కేకలు ఆయన ఒక్కనాడూ మరిచిపోలేదు. చివరికి నేనే, "పలుకు మావా" అన్నాను.

"నానే బాబూ" అన్నాడు. జడ్జిగారికి కాదు, నాకు చెప్పాడు.

ప్రమాణం చేసి అబద్ధం చెప్పాడని, అడిగితే నోరు మెదపక దాచబోయాడని రాసి పిటిషను కొట్టేశారు. జీవితంలో ఒక్క అబద్ధం సరిగా ఆడడం రాని మనిషి మీద ఆ మాట పడింది. రాయించిన నేను పక్కనే కోటు సర్దుకుంటూ నిలబడ్డాను. నా పేరు ఆ ఉత్తర్వులో ఎక్కడా లేదు. బయటికొచ్చాక నాకు మొదట కలిగినది, సిగ్గు విడిచి చెప్తున్నాను, ఊరట. పేపరులో నా సంగతి రాదు కదా అని.

రెండు నెలలకి ఎన్నికల్లో ఓడిపోయాను. ఫలితం వచ్చిన వారానికి జేసీబీ మళ్ళీ వచ్చింది. ఈసారి నేను చేసిన ఫోన్లు ఎవరూ ఎత్తలేదు. ఆటోలో వెళ్ళేసరికి అంతా అయిపోయింది. రోడ్డు మీద మంచం, గ్యాస్ స్టవ్వు, బియ్యం డబ్బా. మావ భార్య ఇటుకల్లోంచి గిన్నెలు ఏరుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"మీ పటం కూడా ముక్కలైపోనాది బాబూ. దేవుడి పటాల పక్కనెట్టినాము" అంది. తిట్టలేదు. తిడుతుందేమోనని, తిడితే బాగుండునని కూడా అక్కడే నిలబడ్డాను. మావ తలుపు చెక్కకున్న మేకులు పీకుతున్నాడు. తలుపు పట్టుకెళ్ళి ఎక్కడ పెడతాడో నేనడగలేదు.

ఆ తరవాత వాళ్ళిద్దరూ ఎలమంచిలి వెళ్ళిపోయారని తెలిసింది. నేను మళ్ళీ టిఫిన్ కొట్టు మీది గదికి వచ్చాను. కక్షిదారులు మునుపటిలా రారు. ఓడిపోయినవాడి మాట కోర్టులో కూడా చెల్లదని వాళ్ళకో భయం. బావమరిది ఇంకో నాయకుడి దగ్గర చేరాడు. ఖాళీగా కూర్చుంటే ఆ ఫొటోయే కళ్ళముందుకొచ్చేది. పై కోర్టుకి అప్పీలు వేసుకునే దారి ఒకటుంది. వెయ్యాలి వెయ్యాలి అనుకుంటూ, మావ మొహం ఎలా చూడడమని వెనకాడుతూ, దానికీ గడువు దాటించాను. చివరికి, ఆలస్యానికి కారణం రాసే చోటు మాత్రం ఖాళీగా వదిలి కాగితాలు టైపు చేయించుకుని, పాసింజరు బండి ఎక్కి ఎలమంచిలి వెళ్ళాను.

రైల్వే గేటు దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు. లోపల ఒక పాత లేత్. మావ ట్రాక్టరు బోల్టు ఏదో తిప్పుతున్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి మిషను ఆపి, ఎదురొచ్చి, ఉన్న ఒక్క స్టూలూ గుడ్డతో తుడిచి వేశాడు. అప్పీలు సంగతి చెప్పాను. మళ్ళీ ఆలస్యమైంది, మళ్ళీ అఫిడవిట్ ఇవ్వాలి, నువ్వు సంతకం చెయ్యాలి అన్నాను.

"అలాగే బాబూ. ఈసారి ఏటి జబ్బు రాసినారు?" అన్నాడు.

వెక్కిరింత కాదు. సంతకం పెట్టే ముందు తెలుసుకుని ఉండాలని అడిగాడు, అంతే. నాకు ఏడుపొచ్చింది. జబ్బేం రాయలేదు మావా, ఈసారి నిజమే రాస్తాను, నా తప్పని రాస్తాను అన్నాను. నిజం రాయాలంటే ఒక ముక్క నాకు తెలియాలి కదా. ఇన్నాళ్ళకి అడిగాను.

"ఆ రోజు నువ్వు కోర్టులోనే ఉన్నావు. పేరు పిలిస్తే మరి ఎందుకు పలకనేదు?"

మావ నా వైపు వింతగా చూశాడు. అందరికీ తెలిసిన సంగతి అడుగుతున్నానేమిటి అన్నట్టు.

"మీరొచ్చీసినారు కదేటి బాబూ."

"నాను సన్మానానికి వచ్చాను మావా."

"అది నాకేటి తెల్సు? మూడు వాయిదాలు మీరు రానేదు. నానే సెయ్యెత్తి వస్తన్నారని సెప్పినాను. ఇదే ఆకరని జడ్జిగారు కోప్పడ్డారు. ఆ రోజు గాబరాగా మెట్ల మీద నిలబడ్డాను. డప్పులతోటి మీ కారొచ్చింది. మీ దగ్గరికి రావడానికి సూసినాను, జనం తోసీసినారు. అప్పుడు మీరు ఇటు తిరిగి, నన్ను సూసి సెయ్యి ఊపినారు."

చేతిలో కాగితాలు మోకాళ్ళ మీద పెట్టుకున్నాను.

"నాను సూసుకుంతానులే మావా అన్నట్టు ఊపినారు. ఇంక నాకు బెంగేటి? సప్పట్లు కొట్టీసి, వరండాలోకొచ్చి కూకున్నాను. లోపల నా పేరు పిలిసినారు. మూడుసార్లు పిలిసినారు. మీరొచ్చినాక నాను నోరు తెరవకూడదు కదేటి. పలకనేదు."

చెయ్యి ఊపిన జ్ఞాపకం నాకు లేదు. ఆ రోజు ఎంతమందికి ఊపానో, ఎవరికి ఊపానో, దేవుడికే తెలియాలి. ఆ మాట ఆయనకి చెప్పాలనుకున్నాను. నిన్ను చూడలేదు మావా, నా చెయ్యి ఊరికే అలా లేస్తుంది అని. నోరు రాలేదు. అదొక్కటీ చెప్తే ఆ మనిషి దగ్గర ఇంకేం మిగులుతుంది?

కాగితాల మీద సంతకం పెట్టాడు. టీ తెప్పిస్తానంటే వద్దన్నాను. ఈ అప్పీలు నిలబడుతుందన్న ఆశ నాకు లేదు. నిలబడినా ఇల్లు లేదు, అక్కడ బ్రోకరు పునాదులు తీయించేశాడు. ఆ సంగతి కూడా చెప్పలేదు.

స్టేషనుకి ఆటో దొరికింది. ఎక్కి కూర్చున్నాక వెనక్కి తిరిగి చూశాను. మావ షెడ్డు గుమ్మంలో నిలబడి, నా వైపే చూస్తున్నాడు. ఆటో కదిలింది. నా చెయ్యి దానంతటదే లేచింది, ఊపింది. దించేసుకునేలోపే మావ చూశాడు. అలాగే బాబూ అన్నట్టు తల ఊపి, లోపలికి వెళ్ళి మిషను వేసుకున్నాడు.